ఏమీ జరగలేదంటే ఆ గొప్ప ఎవరిది?

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ని కంప్యూటర్లు కొనేవాళ్లంతా సీటీసీ అనే అంటారు. అక్కడ కొత్త ల్యాప్‌టాప్ తీసుకుని బిల్లు కట్టబోతుంటే కౌంటర్ వెనక నుంచి ఒక మాట వినిపించక మానదు: "యాంటీవైరస్ కూడా వేసేయమంటారా సార్?" ఏది మంచిదని అడిగితే కుర్రాడు అరలోంచి ఒక డబ్బా తీసి ముందు పెడతాడు. "ఇది బాగా పోతోంది సార్, అందరూ ఇదే తీసుకుంటున్నారు." డబ్బా మీద అచ్చేసిన ధర ఒకటి, అతను చెప్పే ధర ఇంకొకటి. రెండోది మొదటిదాంట్లో సగమే అయినా ఎవరూ ఆశ్చర్యపోరు. విప్పి చూస్తే లోపల అంకెలూ అక్షరాలూ కలిసిన కీ ఉన్న కాగితం, ఒక్కోసారి ఒక సీడీ. ఆ సీడీ పెట్టడానికి కొత్త ల్యాప్‌టాప్‌లో డ్రైవే ఉండదు.

కుర్రాడు అబద్ధం చెప్పలేదు. బాగానే పోతూ ఉండొచ్చు. కానీ బాగా పోవడం వేరు, బాగా పనిచేయడం వేరు. మిక్సీ కొన్నవాళ్లకి పచ్చడి నలిగిందో లేదో మొదటి రోజే తెలిసిపోతుంది. యాంటీవైరస్ సంగతి అలా తేలదు. ఏడాదంతా అది కంప్యూటర్‌లో కూర్చుంది, ఏ ముప్పూ కలగలేదు. అది అడ్డుకోబట్టి కలగలేదా, అసలు ఏదీ రానే లేదా? డబ్బు పెట్టినవాడికి తెలిసే దారి లేదు. పోనీ, ఏదో వచ్చి ఫైళ్లు పోయాయనుకుందాం. ఇంకో కంపెనీది వేసుకుని ఉంటే ఆగేదో లేదో అప్పుడు కూడా ఎవరూ చెప్పలేరు. కొన్నవాడు సొంత అనుభవంతో తూకం వేయలేని సరుకు ఇది. దీని అమ్మకాల్లో భయానికి అంత పెద్ద పాత్ర ఉన్నది అందుకే.

ఆ భయం ఎంత దూరం వెళ్లగలదో అమెరికాలో ఒక కేసులో బయటపడింది. ఆఫీస్ డిపో అని స్టేషనరీ, కంప్యూటర్ సామాను అమ్మే పెద్ద సంస్థ ఉంది. కంప్యూటర్ తెచ్చిస్తే ఉచితంగా ఆరోగ్య పరీక్ష చేస్తామనేవాళ్లు. స్కాన్ మొదలయ్యే ముందు నాలుగు ప్రశ్నలు. కంప్యూటర్ నెమ్మదించిందా, పాప్‌అప్‌లు వస్తున్నాయా, తరచూ ఆగిపోతోందా, ఇలాంటివి. ఒక్కదానికి అవునన్నా చాలు, స్కాన్ చివర్లో వైరస్ లక్షణాలు కనిపించాయని తేలేది. ఈలోపు తెరమీద జరిగే హడావుడికీ ఆ ఫలితానికీ సంబంధమే లేదు. ఆ ఫలితం చూపించి వందల డాలర్ల రిపేరు అంటగట్టేవాళ్లు. 2019లో అక్కడి ప్రభుత్వ నియంత్రణ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఈ బాగోతం మీద చర్య తీసుకున్నాక ఆఫీస్ డిపో రెండున్నర కోట్ల డాలర్లు, ఆ సాఫ్ట్‌వేర్ సమకూర్చిన సపోర్ట్‌డాట్‌కామ్ కోటి డాలర్లు కట్టడానికి ఒప్పుకున్నాయి.

ఇంటర్నెట్ చూస్తుండగా ఎర్రటి తెరతో ఊడిపడి, మీ కంప్యూటర్‌కి వైరస్ సోకింది, వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి అని కూతలు పెట్టే పేజీలదీ ఇదే కుటుంబం. కంప్యూటర్‌లో ఉన్న ఫైళ్లన్నీ వెతికి చూసే వీలు ఒక వెబ్ పేజీకి ఉండదు. అది చూపించే వైరస్‌ల జాబితా ముందే తయారుచేసి పెట్టుకున్న బొమ్మ. ఆ నంబరుకు ఫోన్ చేయకుండా బ్రౌజర్ మూసేస్తే సరిపోతుంది.

మరి ఎవరి మాట నమ్మాలి? ఈ రోజుల్లో చాలామంది యూట్యూబ్‌లో వెతుకుతారు. ఒకాయన వైరస్‌లున్న ఫోల్డర్ తెరుస్తాడు, యాంటీవైరస్‌ని దానిమీదకి వదులుతాడు, వెయ్యిలో ఎన్ని పట్టిందో లెక్క చెబుతాడు. చూడ్డానికి భలేగా ఉంటుంది గానీ, ఆ ఫోల్డర్‌లో ఉన్నవి ఎప్పటివో, అందులో నిజంగా పనిచేసేవి ఎన్నో, చచ్చిపోయిన ముక్కలు ఎన్నో అతనికే తెలియదు. అసలు ఇంట్లో కంప్యూటర్‌కి ముప్పు అలా ఫోల్డర్‌లో మూటకట్టుకుని రాదు. మెయిల్‌లో లింకుగానో, ఏదో ఉచిత సాఫ్ట్‌వేర్ డౌన్‌లోడ్‌లో దాగిన అదనపు సరుకుగానో వస్తుంది. మంచి యాంటీవైరస్ దాన్ని ఫైలు దిగకముందే, ఆ వెబ్‌సైటు దగ్గరే ఆపేయవచ్చు. ఫైలు దిగాక ఆపవచ్చు, లేదా అది తెరుచుకుని వేషాలు మొదలుపెట్టాక ప్రవర్తన చూసి ఆపవచ్చు. ఫోల్డర్ స్కాన్ పరీక్షలో ఈ మూడింట్లో ఒక్క దశే కనిపిస్తుంది.

యాంటీవైరస్‌లను పద్ధతిగా పరీక్షించే ప్రయోగశాలలు ప్రపంచంలో వేళ్లమీద లెక్కపెట్టగలిగినన్ని ఉన్నాయి. జర్మనీలో మాగ్డెబర్గ్ నగరంలో ఏవీ-టెస్ట్, ఆస్ట్రియాలో ఇన్స్‌బ్రుక్‌లో ఏవీ-కంపారేటివ్స్, బ్రిటన్‌లో ఎస్ఈ ల్యాబ్స్. వీళ్ల నివేదికలు ఉచితంగా ఎవరైనా చూడొచ్చు. ఏవీ-టెస్ట్ ఇళ్లలో వాడే యాంటీవైరస్‌లను రెండు నెలలకోసారి పరీక్షించి రక్షణకు 6, వేగానికి 6, వాడుక సౌలభ్యానికి 6, మొత్తం 18 మార్కులు వేస్తుంది. ఈ మూడో దాని పేరు చూసి మెనూలు అందంగా ఉన్నాయో లేదో చూస్తారనుకుంటే పొరపాటు. అందులో లెక్కపెట్టేది తప్పుడు అలారాలను, అంటే మంచి ఫైళ్లను దొంగలని పట్టుకున్న సందర్భాలను. ఏవీ-కంపారేటివ్స్ వాళ్లు ఒకేలాంటి కంప్యూటర్ల మీద ఒక్కో యాంటీవైరస్ ఎక్కించి, అప్పటికప్పుడు ఇంటర్నెట్‌లో ప్రాణంతో తిరుగుతున్న దుష్ట లింకులను వందల సంఖ్యలో, అన్నింటిమీదా ఒకే సమయంలో తెరుస్తారు. ఒక పరీక్ష అయ్యాక కంప్యూటర్‌ని తుడిచి మళ్లీ శుభ్రమైన స్థితికి తెచ్చి తర్వాతది మొదలుపెడతారు. ఇంట్లో కూర్చుని ఈ పని చేయడం ఎవరి తరమూ కాదు.

ఈ నివేదికలు చదవడంలోనూ ఒక మెలకువ ఉంది. ఒకదానికి 99.5 శాతం, ఇంకొకదానికి 99.75 శాతం వచ్చాయనుకోండి. డబ్బా మీద ఆ తేడాని పెద్దక్షరాల్లో అచ్చేసుకుంటారు. పరీక్షలో 400 నమూనాలు వాడారంటే, మొదటిది 2 వదిలేసింది, రెండోది 1 వదిలేసింది. అంతే తేడా. ఆ ఒక్క నమూనా వచ్చే నెల ఇటుది అటు కావచ్చు. అందుకే ఏవీ-కంపారేటివ్స్ తానే ఉత్పత్తులను గణాంకాల ప్రకారం గుంపులుగా విడదీసి, ఒక గుంపులో ఉన్నవాటి మధ్య పెద్ద తేడా లేదన్నట్టే చూపిస్తుంది. ఒక్కసారి మొదటి స్థానం వచ్చినదానికన్నా, రెండు మూడేళ్లుగా పై గుంపులోనే ఉంటున్నది నయం. ఈ మాట డబ్బాల మీద ఎక్కడా ఉండదు, అమ్మకానికి పనికిరాదు కాబట్టి.

ప్రయోగశాలలకి డబ్బులెవరిస్తారు? చాలావరకు యాంటీవైరస్ కంపెనీలే రుసుము కడతాయి. ఈ విషయం ఎవరూ దాచలేదు. ఆ మాట వినగానే ఇదంతా లాలూచీ అని కొట్టిపారేసేవాళ్లున్నారు. కానీ 2015లో జరిగింది చూస్తే అంత తేలిగ్గా తీసిపారేయలేం. చైనాకి చెందిన చీహూ 360 పరీక్షలకు పంపిన సాఫ్ట్‌వేర్‌లో బిట్‌డిఫెండర్ కంపెనీ ఇంజిన్ ఆన్ చేసి ఉండేది. అదే సాఫ్ట్‌వేర్ చైనాలో జనం వాడే రూపంలో ఆ ఇంజిన్ ఆఫ్‌లో ఉండి, కంపెనీ సొంత ఇంజిన్ నడిచేది. పరీక్ష రాసింది ఒకరు, మార్కులు పడింది ఇంకొకరి పేరున. ఏవీ-టెస్ట్, ఏవీ-కంపారేటివ్స్, వైరస్ బులెటిన్ అనే ఇంకో పరీక్షా సంస్థ, మూడూ కలిసి ఈ సంగతి ప్రకటించి, ఆ ఏడాది ఇచ్చిన గుర్తింపులను వెనక్కి తీసుకున్నాయి. రుసుము కట్టే కంపెనీని వీధికెక్కించే ధైర్యం వాళ్లకుందని దీంతో తేలింది. మోసం జరగగలదనీ తేలింది. ఒక్క ల్యాబ్ నివేదిక చూసి ఆగిపోకుండా రెండోది కూడా తిరగేయమనేది అందుకే.

దొంగలను పట్టుకోవడం ఒక్కటే ప్రమాణమైతే, కనిపించిన ప్రతి ఫైలునూ పట్టుకునే సాఫ్ట్‌వేర్‌కి నూటికి నూరు వస్తాయి. కంప్యూటర్ మాత్రం నడవదు. ఇది తమాషాకి అన్న మాట కాదు, నిజంగానే జరిగింది. 2010 ఏప్రిల్ 21న మెకఫీ పంపిన ఒక అప్‌డేట్ విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్లలో ఎస్‌వీసీహోస్ట్ అనే ఫైలును వైరస్‌గా భావించింది. విండోస్ బతికేదే ఆ ఫైలు మీద. యాంటీవైరస్ దాన్ని పట్టి మూల పడేసింది. కంప్యూటర్లు ఆగడం, మళ్లీ మొదలవడం, మళ్లీ ఆగడం. కంపెనీ తప్పు దిద్దుకున్నా, నెట్‌వర్కే పోయిన కంప్యూటర్లకి ఆ దిద్దుబాటు చేరేదెలా? ఒక్కోదాని దగ్గరకి మనిషి వెళ్లి బాగుచేయాల్సి వచ్చింది.

ఆ రోజు మెకఫీలో సాంకేతిక విభాగం అధిపతి జార్జ్ కర్ట్జ్. ఆయన తర్వాత బయటికొచ్చి క్రౌడ్‌స్ట్రైక్ స్థాపకుల్లో ఒకరయ్యారు. 2024 జూలై 19న ఆ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన లోపభూయిష్టమైన అప్‌డేట్ వల్ల ప్రపంచమంతటా విండోస్ కంప్యూటర్లు నీలి తెరలతో కుప్పకూలాయి. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం అవి 85 లక్షలు. శంషాబాద్ విమానాశ్రయంలో ఇండిగో సిబ్బంది కోల్‌కతా ప్రయాణికుడికి పెన్నుతో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫోటో ఆ రోజు దేశమంతా తిరిగింది. క్రౌడ్‌స్ట్రైక్ ఇళ్లలో వాడేది కాదు, పెద్ద సంస్థలది. అయినా పాఠం ఇంటికీ వర్తిస్తుంది. భద్రతా సాఫ్ట్‌వేర్ విండోస్ గర్భగుడిలో కూర్చుంటుంది. అక్కడ దాని చేయి జారితే వైరస్ కన్నా ఎక్కువ నష్టం అదే చేయగలదు. నివేదికల్లో తప్పుడు అలారాల గడిని చాలామంది చూడకుండా దాటేస్తారు. రక్షణ శాతం తర్వాత చూడాల్సింది దాన్నే.

ఇక అందరూ అడిగే ప్రశ్న. విండోస్‌తో ఉచితంగా వచ్చే డిఫెండర్ సరిపోతుందా, డబ్బులు పెట్టాలా?

దీనికి పదేళ్ల క్రితం జవాబు వేరు, ఇప్పటి జవాబు వేరు. మైక్రోసాఫ్ట్ 2004 చివర్లో జెయింట్ అనే చిన్న కంపెనీని కొని, దాని సాఫ్ట్‌వేర్‌తో డిఫెండర్‌ని మొదలుపెట్టింది. 2009లో సెక్యూరిటీ ఎసెన్షియల్స్ పేరుతో ఉచిత యాంటీవైరస్ ఇచ్చింది. 2012లో విండోస్ 8 వచ్చేసరికి అది విండోస్‌లోనే కలిసిపోయింది. మొదట్లో దాని పరిస్థితి దయనీయం. ఆ రోజుల్లో ఏవీ-టెస్ట్ రక్షణ విభాగంలో మైక్రోసాఫ్ట్‌కి 6కి సున్నా వచ్చిన సందర్భాలున్నాయి. మిగతావాళ్లను పోల్చడానికి కింది గీతలా వాడుకున్నారు దాన్ని. ఆ తర్వాత మైక్రోసాఫ్ట్ గట్టిగా పట్టించుకుంది. 2019 మే, జూన్ పరీక్షలో విండోస్ డిఫెండర్‌కి 18కి 18 వచ్చాయి. అప్పటినుంచీ పై వరుసల్లోనే ఉంటోంది. డిఫెండర్ దేనికీ పనికిరాదనే మాట ఇప్పటికీ షాపుల్లో వినిపిస్తుంది. ఆ మాటకి కాలం చెల్లి చాలా ఏళ్లయింది.

దానికి లోపాలు లేవని కాదు. ఏవీ-కంపారేటివ్స్ ఇంటర్నెట్ ఉన్నప్పుడూ లేనప్పుడూ విడివిడిగా చూస్తుంది. నెట్ లేనప్పుడు డిఫెండర్ గుర్తింపు శాతం బాగా పడిపోతుంది, ఎందుకంటే అనుమానం వచ్చినప్పుడల్లా అది మైక్రోసాఫ్ట్ సర్వర్లను అడిగి తెలుసుకుంటుంది. నెట్ కనెక్షన్ లేకుండా, ఊళ్లోవాళ్ల పెన్‌డ్రైవ్‌లతో నడిచే కంప్యూటర్‌కి ఇది చిన్న విషయం కాదు. జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించుకుని ఇంటికొచ్చి పెన్‌డ్రైవ్ పెడితే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారిపోయి కనిపించడం మన ఊళ్లలో కాలేజీ పిల్లలందరికీ తెలిసిన కథే. అసలు ఫోల్డర్లు అందులోనే దాక్కుని ఉంటాయి, కనిపించే షార్ట్‌కట్ నొక్కితే వైరస్ నడుస్తుంది. మన దేశీ యాంటీవైరస్‌లు ఫ్లాపీల, సీడీల, పెన్‌డ్రైవ్‌ల కాలంలో పెరిగినవే. పుణెలో కాలిక్యులేటర్లు బాగుచేసుకునే కైలాష్ కాట్కర్, ఆయన తమ్ముడు సంజయ్ కలిసి మొదలుపెట్టిన క్విక్ హీల్, చెన్నై కంపెనీ కే7 అలాంటివి. పెన్‌డ్రైవ్‌లను అదుపు చేయడానికి హైదరాబాద్ సీ-డాక్ తయారుచేసిన యూఎస్‌బీ ప్రతిరోధ్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ కేంద్ర ప్రభుత్వ సైబర్ స్వచ్ఛతా కేంద్రం వెబ్‌సైటులో ఉచితంగానే దొరుకుతుంది. పాపం, దాని గురించి ఏ షాపువాడూ చెప్పడు.

డబ్బు పెట్టి కొనేవాటిలో అదనంగా వచ్చేది ఏమిటో చూస్తే చాలావరకు యాంటీవైరస్ కానివే: వీపీఎన్, పాస్‌వర్డ్ మేనేజర్, పిల్లల మీద నిఘా, ఫైళ్లు ఊడ్చే చీపురు లాంటి టూల్స్. అవి కావాలనుకున్నవాళ్లు కొనుక్కోవచ్చు. ఒక్క లైసెన్సుతో ఇంట్లో ఐదు పరికరాలకి సరిపోయే ప్యాకులు కొందరికి లాభమే. ఏదైనా తేడా వస్తే ఫోన్‌లో మాట్లాడే మనిషి కావాలనుకునే పెద్దవాళ్లకి కూడా డబ్బు ఇచ్చి కొన్నదాంట్లో కొంత నిశ్చింత ఉంటుంది. కేవలం వైరస్‌ల కోసమే అయితే, అప్‌డేట్లు సరిగా అందే విండోస్ 11 ల్యాప్‌టాప్ మీద విడిగా డబ్బు పెట్టాల్సిన అవసరం ఎక్కువమందికి లేదు.

ఉచితంగా ఇచ్చే మిగతావాళ్ల సంగతి? అక్కడ ఇంకో లెక్క చూడాలి. అవాస్ట్ ఉచిత యాంటీవైరస్‌ని ప్రపంచమంతా కోట్లమంది వాడారు. మీ వెంట పడే ట్రాకర్లను ఆపుతామనేది వాళ్ల ప్రచారం. తీరా చూస్తే, వాడేవాళ్లు ఏ వెబ్‌సైట్లు చూస్తున్నారో సేకరించి, జంప్‌షాట్ అనే అనుబంధ సంస్థ ద్వారా వందకు పైగా కంపెనీలకు అమ్మింది. 2020 జనవరిలో పత్రికలు ఆ గుట్టు విప్పగానే జంప్‌షాట్‌ని మూసేసింది. 2024 ఫిబ్రవరిలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1.65 కోట్ల డాలర్లు కట్టమంది. కాపలాకి పెట్టుకున్నవాడే వచ్చీపోయేవాళ్ల చిట్టా రాసి బజార్లో అమ్మాడన్నమాట. డబ్బు ఇచ్చి కొన్నవాళ్లు మాత్రం పూర్తిగా నిశ్చింతగా ఉన్నారా? 2021లో నార్టన్ తన సాఫ్ట్‌వేర్‌లోనే క్రిప్టో కరెన్సీ తవ్వే ఏర్పాటు పెట్టింది. కంప్యూటర్ ఖాళీగా ఉన్నప్పుడు ఈథర్ నాణేలు తవ్వేది, అందులో 15 శాతం నార్టన్ తీసుకునేది. వాడేవాళ్లు ఒప్పుకుంటేనే మొదలయ్యేది, నిజమే. అయినా దొంగచాటుగా క్రిప్టో తవ్వే వైరస్‌లను పట్టాల్సిన సాఫ్ట్‌వేర్‌కి ఆ వ్యాపారం ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు.

ఈ కథలో చాలామందికి తెలియని చిన్న ముడి ఉంది. నార్టన్, అవాస్ట్, ఏవీజీ, అవీరా నాలుగు వేర్వేరు డబ్బాలు, నాలుగు రంగులు. ఏవీజీని 2016లో అవాస్ట్ కొంది. అవాస్ట్ 2022లో నార్టన్‌తో కలిసింది, అవీరా అప్పటికే నార్టన్ చేతికి వచ్చింది. ఇప్పుడు నాలుగూ జెన్ డిజిటల్ అనే ఒకే సంస్థవి. ఏవీజీ నచ్చక అవాస్ట్‌కి, అది నచ్చక నార్టన్‌కి మారేవాళ్లు ఒకే ఇంట్లో గదులు మారుతున్నట్టే.

కంపెనీ ఏ దేశానిదో కూడా ఈ మధ్య లెక్కలోకి వచ్చింది. రష్యా కంపెనీ కాస్పర్‌స్కీ ప్రయోగశాలల పరీక్షల్లో ఏళ్ల తరబడి ముందు వరుసలో నిలిచింది. అయినా 2024 జూన్‌లో అమెరికా ప్రభుత్వం దేశ భద్రత పేరుతో దాని అమ్మకాలను నిషేధించింది, సెప్టెంబర్ 29 తర్వాత అప్‌డేట్లు కూడా ఆపించింది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన పిల్లల ఇళ్లలో అది వాడుతున్నవాళ్లు మారక తప్పలేదు. మన దేశంలో ఆ నిషేధం లేదు. ఆ ఆరోపణలకు బహిరంగంగా చూపిన సాక్ష్యాలు తక్కువే. సరుకు ఎంత మంచిదైనా, ఎక్కడో రాజధానిలో తీసుకున్న నిర్ణయంతో రాత్రికి రాత్రి అప్‌డేట్లు ఆగిపోవచ్చని మాత్రం దీంతో తెలిసింది.

యాంటీవైరస్‌ని తూచేటప్పుడు అది చేయలేనిది ఏమిటో తెలియడం కూడా ముఖ్యమే. 2017 మే 12న వానాక్రై అనే రాన్సమ్‌వేర్ 150కి పైగా దేశాల్లో రెండు లక్షలకు మించిన కంప్యూటర్లకు తాళం వేసి, ఒక్కోదానికి 300 డాలర్ల బిట్‌కాయిన్ అడిగింది. ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరుతో సహా కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లు కూడా అందులో చిక్కుకున్నాయి. ఎవరూ ఏ లింకూ నొక్కనక్కర్లేదు, విండోస్‌లో ఉన్న ఒక కన్నం గుండా అది ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి పాకింది. ఆ కన్నాన్ని పూడ్చే అప్‌డేట్‌ని మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చి 14న ఇచ్చింది. వేసుకున్నవాళ్ల జోలికి వానాక్రై రాలేకపోయింది. అప్‌డేట్ అడిగినప్పుడల్లా "తర్వాత చూద్దాం" నొక్కినవాళ్లు దొరికిపోయారు.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అదనపు భద్రతా అప్‌డేట్లకు నమోదు చేసుకున్న ఇళ్ల కంప్యూటర్లకి 2026 అక్టోబర్ 13 వరకు గడువు. డిఫెండర్‌కి కొత్త వైరస్‌ల సమాచారం మాత్రం 2028 దాకా వస్తుందని కంపెనీ చెప్పింది. అంటే యాంటీవైరస్ రోజూ తాజాగా ఉంటుంది, గోడకి పడే కన్నాలు మాత్రం అలాగే ఉంటాయి. ఆ పరిస్థితిలో ఎంత ఖరీదైన యాంటీవైరస్ కొన్నా ఆ కన్నాలు పూడవు.

రెండో బలహీనత కుర్చీలో కూర్చున్న మనిషి. పేజ్‌మేకర్, ఫోటోషాప్ క్రాక్ కాపీలతో నడిచే డీటీపీ సెంటర్లు, ఫోటో స్టూడియోలు మన దగ్గర కొల్లలు. క్రాక్ దింపుకోగానే దాంతో వచ్చే నోట్‌ప్యాడ్ ఫైలులో మొదటి సూచన: "ముందు మీ యాంటీవైరస్ ఆపేయండి." ఆపేస్తారు. స్టాప్ అనీ డీజావూ అనీ పిలిచే రాన్సమ్‌వేర్ కుటుంబం ఏళ్లపాటు బతికింది ఈ దారినే. ఫోటోలు, పెళ్లి ఆల్బమ్‌లు, లెక్కల ఫైళ్లు అన్నిటి పేర్ల చివరా ఒక వింత తోక తగిలించి తెరుచుకోకుండా చేస్తుంది. 980 డాలర్లు కట్టు, 72 గంటల్లో వస్తే సగానికే ఇస్తానని బేరం పెడుతుంది. ఇక్కడ యాంటీవైరస్‌ని తప్పుపట్టడానికేం లేదు, దాని నోరు నొక్కింది యజమానే. అలాగే ఫోన్‌లో బ్యాంకు ఆఫీసర్‌నని నమ్మించి, దూరం నుంచే కంప్యూటర్‌ని నడిపించే ఎనీడెస్క్ వేయించేవాడి విషయంలో కూడా అది పలకదు. ఎనీడెస్క్ అసలైన సాఫ్ట్‌వేరే, వైరస్ కాదు. అలా డబ్బు పోయినవాళ్లు వెంటనే చేయాల్సింది 1930 నంబరుకు ఫోన్.

ఇంట్లో చేసుకోగల పరీక్షలు కొన్ని లేకపోలేదు. ఐకార్ అని ఒక పరీక్ష ఫైలు ఉంది. సరిగ్గా 68 అక్షరాలు, మామూలు వాక్యంలా కూడా ఉండదు, చిహ్నాల గందరగోళం. ఎవరికీ హాని చేయదు. దాన్ని వైరస్‌గా గుర్తించాలని యాంటీవైరస్ కంపెనీలు దాదాపు అన్నీ ఒప్పుకున్నాయి. ఐకార్ సంస్థ వెబ్‌సైటు నుంచి ఆ వరుసను కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించి సేవ్ చేస్తే, మెలకువగా ఉన్న యాంటీవైరస్ అప్పుడే అరవాలి. అరవకపోతే అది ఆఫ్‌లో ఉందన్నమాట, లేదా గడువు తీరి నిద్రపోతోందన్నమాట. అరిచిందంటే మేలుకుని ఉందని మాత్రమే తెలుస్తుంది. ఎంత తెలివైనదో ఈ పరీక్ష చెప్పదు.

వేగం సంగతి మాత్రం ఎవరింట్లో వాళ్లే చూసుకోవడం మేలు. ప్రయోగశాలల కంప్యూటర్లు కొత్తవి. మన ఇంట్లో ఉన్నది 4 జీబీ ర్యామ్, తిరిగే హార్డ్‌డిస్క్ ఉన్న పాత ల్యాప్‌టాప్ కావచ్చు. చాలా కంపెనీలు నెల రోజులు ఉచితంగా వాడి చూడమంటాయి. వేయకముందు ఒకసారి, వేశాక ఒకసారి కంప్యూటర్ తెరుచుకోవడానికి పట్టే సమయం చూసుకోవాలి. పెద్ద ఫోటోల ఫోల్డర్ ఒకటి కాపీ చేసి దానికెంత పట్టిందో కూడా చూడాలి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో డిస్క్ గడి అదేపనిగా నూరు శాతం చూపిస్తూ, పైన యాంటీవైరస్ పేరే కనిపిస్తుంటే ఆ కంప్యూటర్‌కి అది బరువన్నమాట. బాగా పట్టుకుంటుందని దాన్నే ఉంచితే, నెమ్మదిగా ఉందని విసుగెత్తి ఇంట్లో ఎవరో ఒకరు ఒకరోజు ఆపేస్తారు.

అనుమానంగా ఉన్న ఒక్క ఫైలు కోసమైతే గూగుల్ చేతిలో ఉన్న వైరస్‌టోటల్ వెబ్‌సైటు ఉంది. అక్కడ ఫైలు పెడితే డజన్లకొద్దీ యాంటీవైరస్‌ల అభిప్రాయం ఒకేసారి వస్తుంది. అయితే అక్కడ పెట్టిన ఫైలు పరిశోధకుల చేతికీ కంపెనీల చేతికీ వెళ్తుంది. జీతం స్లిప్పులు, ఆధార్ కాపీలు అక్కడ పెట్టకూడదు. అక్కడి ఫలితాలతో యాంటీవైరస్‌లను పోల్చొద్దని ఆ వెబ్‌సైటే చెబుతుంది.

కొనాలనే నిర్ణయిస్తే రెండో ఏడాది ధర మొదటే అడగాలి. తొలి ఏడాది చవగ్గా ఇచ్చి, ఆ తర్వాత కార్డు నుంచి దానంతట అదే పూర్తి ధర లాక్కునే అలవాటు ఈ రంగంలో పాతదే. 2021లో బ్రిటన్ పోటీ నియంత్రణ సంస్థ ఈ విషయమై మెకఫీ, నార్టన్‌ల నుంచి హామీలు తీసుకుని, వద్దన్నవాళ్లకి డబ్బు వెనక్కి ఇప్పించింది. మన దగ్గర 2021 అక్టోబర్ నుంచి అమల్లో ఉన్న రిజర్వ్ బ్యాంక్ నిబంధనల ప్రకారం, కార్డు నుంచి ఇలా తీసుకునే 24 గంటల ముందు బ్యాంకు కబురు చేయాలి, వద్దనుకుంటే ఆపేసే దారి చూపాలి. ఆ ఎస్ఎంఎస్‌ని ప్రకటనల్లో కలిపేసి చూడకుండా వదిలేస్తే ఎవరూ ఏం చేయలేరు. ఆటో రెన్యువల్ తీసేసి, గడువు దగ్గరపడ్డాక షాపులో కొత్త కీ కొనుక్కుంటే తరచూ చవక పడుతుంది.

కొత్తది వేసే ముందు పాతది పూర్తిగా తీసేయాలి. రెండు యాంటీవైరస్‌లు ఒకదాన్నొకటి అనుమానిస్తూ కంప్యూటర్‌ని నిలువునా ఆపేస్తాయి. మామూలుగా అన్‌ఇన్‌స్టాల్ చేసినా కొన్ని అవశేషాలు మిగులుతాయి కాబట్టి, పెద్ద కంపెనీలన్నీ తమ దాన్ని వేళ్లతో సహా పీకేసే ప్రత్యేక టూల్ తమ వెబ్‌సైట్లలోనే ఇస్తున్నాయి. ఆ తర్వాత విండోస్ సెక్యూరిటీ తెరిచి, ప్రస్తుతం కాపలా ఎవరిదని రాసి ఉందో చూసుకోవాలి. కొత్త ల్యాప్‌టాప్‌తో వచ్చిన ట్రయల్ ఎప్పుడో ముగిసిపోయి, ఇంకా అదే ఉందనుకుంటున్న ఇళ్లు చాలానే ఉంటాయి. కాపలా డిఫెండర్‌దే అయితే, అక్కడే రాన్సమ్‌వేర్ రక్షణ అని ఇంకో మీట ఉంటుంది. డాక్యుమెంట్ల, ఫోటోల ఫోల్డర్లను తెలియని ప్రోగ్రాములు మార్చకుండా ఆపుతుంది. మైక్రోసాఫ్ట్ దాన్ని ఆఫ్‌లోనే ఉంచి ఇస్తుంది, ఎందుకంటే ఆన్ చేస్తే మొదట్లో మంచి ప్రోగ్రాములను కూడా కొన్నిటిని అడ్డుకుంటుంది. ఒకటి రెండు రోజులు ఓపికపట్టి, వాడే ప్రోగ్రాములకు అనుమతి ఇచ్చుకుంటూ పోతే దారికొస్తుంది. షాపులో డబ్బాకి పెట్టబోయిన డబ్బుని ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ కొనడానికి వాడుకోవచ్చు. ఫోటోలు, కాగితాలు నెలకోసారి అందులో కాపీ చేసి, తీగ పీకి బీరువాలో పెట్టుకోవచ్చు. తీగ తగిలించే ఉంచితే మాత్రం రాన్సమ్‌వేర్ దానికీ తాళం వేస్తుంది.